ఆదివారం గాలం

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టింది. ఆయన దశదినం అయిపోయి రెండు రోజులు. "మీకే ఇయ్యాల్నని చెప్పి పోయిండు సారూ. నాకైతే ఏం సమజ్ కాలే" అంది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో లేపితే వచ్చింది. లోపల ముప్పై దాకా ప్లాస్టిక్ వానపాములు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అక్కడక్కడా నలుపు. వేడికి కొన్ని ఒకదానికొకటి అతుక్కున్నాయి. దగ్గరగా చూద్దామంటే అద్దాలు కనబడలేదు. ఆమెను కూర్చోమని చెప్పి వెతకడం మొదలుపెట్టాను. నా అద్దాలు ఒక పట్టాన దొరికేవి కావు కాబట్టి, ఈలోగా ఆయన సంగతి చెబుతాను.

ఆయన మా కొత్తవాడలో రంగుల మేస్త్రి. జంపఖానాలకు వాడే నూలును పెద్ద డేగిశాల్లో ఉడకబెట్టి రంగు పట్టించే బట్టీ ఒకటి మా సందు చివర ఉండేది. దాని వెనక గోడకు ఆనుకునే వాగు. డెబ్బైల మొదట్లో నేను సైన్సు టీచరుగా వచ్చి ఆ సందులో కిరాయికి దిగినప్పుడు అందరూ దాన్ని వాగనే అనేవాళ్లు. తర్వాత నాలా, అంటే మురుగుకాలువ, అన్నారు. ఇప్పుడు ఏ పేరూ పెట్టరు, ముక్కు మూసుకుని దాటుతారు.

ఆయన చేతులు మోచేతుల దాకా ఒక రంగులో ఉండేవి కావు. గోళ్లు నల్లగా, వేళ్లు నీలంగా, మణికట్టు దగ్గర ఎరుపు, పైకి పోయే కొద్దీ పసుపు. సబ్బుకూ కిరోసిన్‌కూ లొంగని రంగులవి. పెళ్లిళ్లకు పోతే భుజం మీద తువ్వాలు తీసి చేతుల మీద కప్పుకుని కూర్చునేవాడు. అన్నం వడ్డించినప్పుడు మాత్రం తప్పేది కాదు. పక్క విస్తరి వాళ్లు కొంచెం జరిగేవాళ్లు. ఆయన అది చూడనట్టే తినేవాడు.

బట్టీలో పనికి ఒక వరస ఉండేది. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. అలా చేస్తే డేగిశాను రంగు రంగుకూ తోమే పని తప్పుతుంది. సోమవారం పసుపు, మంగళ, బుధవారాలు ఎరుపు, గురువారం ఆకుపచ్చ, శుక్రవారం నీలం, శనివారం నలుపు. ఉడికిన నీళ్లన్నీ గోడ కింది తూము గుండా వాగులోకే. దాంతో మా సందులో క్యాలెండర్ అక్కర్లేకపోయేది, వాగును చూసి ఇవాళ ఏ వారమో చెప్పేవాళ్లం. మా బళ్లో పిల్లలను వారాల పేర్లు అడిగితే రంగులు చెప్పారని హెడ్మాస్టరు నా మీద విసుక్కున్నాడు.

ఆదివారం బట్టీకి సెలవు. పొద్దు వాలే వేళకు నీళ్లు కాస్త తేరుకునేవి. అప్పుడాయన వెదురు కర్రా నైలాన్ దారం పట్టుకుని, చాకలి వాళ్లు వదిలేసి పోయిన బండ మీద కూర్చునేవాడు. నేనూ వెళ్లి పక్కన చేరేవాణ్ణి. నాకు చేపల పిచ్చి లేదు. ఆదివారం సాయంత్రం ఒంటిగాడికి గదిలో తోచదు, అంతే.

పై వరసలో ఆయనకు ముందు పన్ను ఒకటి లేదు. అది ఎలా పోయిందో అడిగిన ప్రతిసారీ కొత్త కథ చెప్పేవాడు. ఓసారి డేగిశా మూత తగిలిందనేవాడు, ఓసారి చిన్నప్పుడు అన్న గుద్దాడనేవాడు. ఆ పంటి సందు వల్ల ఆయనకు లాభమే జరిగింది. దారం కొసను అందులో ఇరికించి, రెండు చేతులతో ముడి వేసేవాడు. ముడి బిగిసిందో లేదో తల వెనక్కి లాగి చూసుకునేవాడు. దారం నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడతాడు, ఒక్క ముక్క అర్థం కాదు. నేను ఊ కొడుతూ ఉండేవాణ్ణి.

గాలానికి గుచ్చేది మాత్రం వానపాము కాదు, కప్ప కాదు, పిండి ముద్ద కాదు. పాత ప్లాస్టిక్ చెప్పులను ముక్కలు కోసి, ఆముదం కలిపి ఇనుప గిన్నెలో కరిగించి, మట్టి అచ్చులో పోసి తీసిన వానపాము బొమ్మ. వేలెడు పొడవు, పట్టుకుంటే మెత్తగా సాగేది. రంగు బట్టీలోదే. వీధిలో ఎవరి చెప్పు తెగినా ఆయన గడప ముందుకు చేరేది.

ఆ ఆలోచన ఆయనకు బిడ్డ వల్ల వచ్చింది. బిడ్డ చెప్పు ఒకటి వాగులో పడితే మర్నాడు వెతికి తీశాడట. దాని పట్టీ మీద సూదులతో గుచ్చినట్టు సన్నటి గుర్తులు వరసగా ఉన్నాయి. "కొర్రమట్ట కొరికింది సారూ. చెప్పునే నమ్మింది సూడుండ్లి. దానికి రంగు గావాలె, కదులుడు గావాలె, గంతే" అనేవాడు. బొమ్మను నీళ్లలోకి విసిరి, అడుక్కు దిగేదాకా ఆగి, చూపుడు వేలితో దారాన్ని చిన్నగా మీటేవాడు. మీటడం, ఆగడం, మళ్లీ మీటడం. "ప్లాస్టిక్‌కు పాణముండదు. మన ఏలే ఇయ్యాలె" అనేవాడు. నీళ్లలో శనివారపు నలుపు మిగిలి ఉంటే పసుపు బొమ్మ వేసేవాడు, వానొచ్చి బురద నీళ్లయితే ఆకుపచ్చ.

మామూలు వానపాముల్ని, అక్కడి మాటలో ఎర్రల్ని, ఎందుకు గుచ్చవన్నా అని మొదట్లోనే అడిగాను. "పాణమున్నదాన్ని గుచ్చబుద్ధి గాదు సారూ" అన్నాడు. మరి చేపకు ప్రాణం లేదా అంటే నవ్వి గాలం విసిరాడు. ఎంత సున్నితమైన మనిషోనని నేను మురిసిపోయాను. నిజం చాలా రోజులకు ఆయన భార్య నోటి నుంచి వచ్చింది. "ఎర్రలుంటె గద సారూ గుచ్చెటందుకు? గడ్డపారతోని ఒడ్డంత తవ్విండు. రెండు మూరల లోతు తవ్వినా మన్ను రంగు రంగులుంటది. ఒక్క పురుగు లేదు." నేనా మాట విని తలాడించి, పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోయాను. సైన్సు చెప్పేవాణ్ణి. మట్టిలో వానపాము లేకుండా పోయిందంటే ఏమిటో పిల్లల చేత నోట్సు రాయించినవాణ్ణి.

ఆ ఎండాకాలమే మల్లక్క వచ్చింది. వాగు కింద, దిగువన, రెండు గుంటల నేలలో, అంటే అయిదు సెంట్లలో, పాలకూర, కొత్తిమీర వేసి గంపలో అమ్ముకునే మనిషి. ఒక పాలకూర కట్ట తెచ్చి నా గడప ముందు వేసింది. వేర్లు నీలంగా ఉన్నాయి.

"కడిగినా పోతలేదు సారూ. ఎవలు కొంటరు? నాకున్నదే గీ రెండు గుంటలు. మీరు సదువుకున్నోళ్లు, పైకి ఒక అర్జీ రాయుండ్లి. గా బట్టీ నీళ్లు వాగుల పొయ్యద్దని."

రాశాను. గ్రాంథికంలో రెండు పేజీలు. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. మల్లక్క వేలిముద్ర వేసింది. పంపే ముందు ఆయనకు చెప్పడం ధర్మమనిపించి, అర్జీ జేబులో పెట్టుకుని ఆదివారం బండ దగ్గరికి వెళ్లాను. మల్లక్క కూడా వెంట వచ్చింది.

ఆయనకు కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మేం పోసేది ఏంది మల్లక్కా? రంగు, ఉప్పు, సోడా. లడ్డుల రంగు ఏత్తలేరా? కూరల ఉప్పు ఏత్తలేరా? సోడా తాగుతలేరా? గీ మూడింటితోని వాగెట్ల సత్తది?" అన్నాడు. ఆ మాట వాదించడానికి అన్నది కాదు. ఇరవై ఏళ్లుగా ఆ మూడింటినీ చేత్తో కలిపిన మనిషి మనస్ఫూర్తిగా నమ్మిన మాట.

"నా పాలకూరనడుగు" అంది మల్లక్క.

"బట్టీ బందైతె పదకొండు మందిమి ఏడికి పోవాలె? నాకు గీ పని దప్ప ఇంకో పని రాదు. గీ చేతులు సూసి ఇంకోడు ఎవడు పని ఇత్తడు?" అని చేతులు చాపి చూపించాడు. ఆ వెంటనే, "సరే. చేప బతికున్న నీళ్లు సచ్చిన నీళ్లెట్లయితయి? నాకు మూడు ఐతారాలు ఇయ్యుండ్లి. గీడనే చేపను పడుత. వండి మీ ముంగట్నే తింట. పడకపోతె సారు అర్జీ పంపుడే. నేను గూడ ఏలుముద్ర ఏత్త" అన్నాడు.

"పడితె?" అంది మల్లక్క.

"పడితె నువ్వు ఊకోవాలె."

మల్లక్క నా వైపు చూసింది. నేను సరేనన్నాను. అక్కడ నేను చెప్పాల్సిన ముక్క ఒకటుంది. కొర్రమట్ట మిగతా చేపల్లాంటిది కాదు. నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. మిగతా చేపలన్నీ చచ్చిన నీళ్లలో కూడా అది కొన్నాళ్లు ఈడుస్తుంది. అది దొరికినంత మాత్రాన వాగు బతికి ఉన్నట్టు కాదు. ఈ సంగతి ఆ ఒడ్డున తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన చాపిన చేతులు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి. నోరు రాలేదు.

మొదటి ఆదివారం ఏమీ పడలేదు. రెండో ఆదివారం ఆయన మధ్యాహ్నమే వచ్చి కూర్చున్నాడు, తువ్వాలు నెత్తిన వేసుకుని. ఆరు బొమ్మలు మార్చాడు. ఏమీ పడలేదు. మూడో ఆదివారం పొద్దు గుంకబోతుండగా దారం ఒక్కసారి బిగుసుకుంది. ఆయన లేవలేదు, అరవలేదు. దారాన్ని వేలికి రెండు చుట్లు చుట్టి కొంచెం కొంచెంగా లాగాడు. జానెడున్నర కొర్రమట్ట. బండ మీద పడి రెండుసార్లు కొట్టుకుంది, తర్వాత ఊరికే నోరు తెరిచి పడుకుంది. కొట్టుకునే ఓపిక కూడా దానికి లేదు. ఆయన దాని నోట్లోంచి పసుపు బొమ్మను తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద సూది గుచ్చిన గుర్తులు సన్నగా, రెండు వరసలు. "దాసుకోండ్లి సారూ" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన భార్య చింతపండు పులుసు పెట్టింది. అరుగు మీద ముగ్గురికి మూడు పళ్లేలు. మూత తీయగానే వాసన వచ్చింది. మందు సీసా కడిగిన నీళ్ల వాసన. మల్లక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి ఇంటి వెనక్కి పోయి ఉమ్మేసి వచ్చింది. ఆయన తింటున్నాడు. తల ఎత్తకుండా, ముల్లు కూడా వదలకుండా తింటున్నాడు. ముక్కు వెంట నీరు కారుతోంది. "కారమెక్కువైంది" అన్నాడు. "ఏసిందే రెండు మిరపకాయలు" అంది భార్య లోపలి నుంచి.

మల్లక్క నన్ను అడిగింది. "ఎట్లున్నది సారూ?"

నా నోట్లో ముద్ద ఉంది. నాలుక మీద ఆ మందు చేదు ఉంది. ఎదురుగా ఆయన తినడం ఆపి, పులుసు అంటిన నీలం వేళ్లతో నా వైపే చూస్తున్నాడు. మింగాను. "బాగుంది" అన్నాను.

"సారు బాగున్నదంటె బాగున్నట్టే" అంది మల్లక్క. గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాటలో వెటకారం ఉంటే ఇన్నేళ్లు నన్ను బాధించేది కాదు. లేదు. చదువుకున్నవాడు అబద్ధం చెప్పడని నమ్మి, తన నాలుకనే అనుమానించిన మనిషి ఆమె. వానలు పడే నాటికి ఆమె పాలకూర మడి మొత్తం పసుపు పచ్చగా మాడిపోయింది. వర్ధన్నపేట దగ్గర ఏదో ఊళ్లో చెల్లెలుందని, అక్కడికి మిరప తోటల్లో కూలికి పోయిందని విన్నాను. మళ్లీ కనబడలేదు. అర్జీ నా సొరుగులో ఉండిపోయింది, దాని మీద ఆ పసుపు బొమ్మ.

ఆ తర్వాతి ఆదివారం ఆయన బండ మీద కూర్చుని బొమ్మల నుంచి కొక్కేలు ఊడదీస్తున్నాడు. ఒక్కొక్కటే తీసి రాతి సందులో పడేస్తున్నాడు. ఏంటన్నా ఇది అంటే, "ఇంకోటి పడితె మల్ల తినాలె గద సారూ" అన్నాడు. అంతకుమించి ఆ పులుసు గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఉప్పు, సోడా, లడ్డు మాటలు కూడా ఆ రోజుతో ఆగిపోయాయి. సోమవారం పొద్దున మళ్లీ తూములోంచి పసుపు నీళ్లు దిగేవి.

కొక్కెం లేకపోయినా గాలం మానలేదు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం అదే బండ, అదే మీటడం. చేప కొరికితే చాలు, ఉందని తెలిస్తే చాలు అనేవాడు. నాకు పెళ్లయింది, పక్క వీధికి మారాను. బండ దగ్గరికి వెళ్లడం తగ్గింది. కానీ ఆదివారం చీకటి పడే ముందు ఆయన మా ఇంటి మీదుగానే పోయేవాడు. నేను గేటు దగ్గర నిలబడి, "ఏమన్నా కొట్టిందా అన్నా?" అని అడిగేవాణ్ణి. వరసగా కొన్ని వారాలు లేదన్నాడు. తర్వాత ఒక రోజు నవ్వుతూ ఒక బొమ్మ తీసి చూపించాడు. "కొట్టింది సారూ. ఇగో గుర్తు." మసక వెలుతురులో బొటనవేలితో తడిమి చూశాను. గుంటలు తగిలాయి. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను. చేపలున్నాయి. అంటే నేను చెప్పింది మరీ అంత పెద్ద అబద్ధం కాదు. ఇలా లెక్కేసుకున్నాను, సిగ్గు లేకుండా.

అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో ఒక బొమ్మ కొరికి ఉండేది. చూపించి, మళ్లీ తన జేబులోనే వేసుకునేవాడు. నేను ఎన్నడూ వాటిని సొరుగులో బొమ్మతో పోల్చి చూడలేదు. ఎందుకు చూస్తాను? నాకు కావలసింది తడమడమే.

రెండేళ్ల కింద ఆయనకు మూత్రంలో రక్తం పడటం మొదలైంది. "నేను గూడ మంగళారం రంగు పోత్తాన సారూ" అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దవాఖానలో డాక్టరు మొదట ఆయన చేతులు చూసి, ఏం పని చేస్తావనే అడిగాడట. చివరి ఆరు నెలలూ మంచం మీదే. నేను వెళ్లినప్పుడు చేతులు దుప్పటి మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. పనిలో లేకపోయేసరికి రంగులు వదిలిపోయాయి. తెల్లగా, ముడతలుగా, ఎవరివో చేతులు. "గివి నాయి గావు సారూ" అన్నాడు. ఇంకాసేపటికి, "నాలా మీద సిమెంటు బిళ్లలు కప్పుతాండ్లట గద. కప్పితె ఇంక దారం ఏడికెళ్లి ఏసుడు?" అన్నాడు. "ఏదో ఒక సందు వదులుతారులే అన్నా" అన్నాను. నాకు అలాంటివి బాగా వచ్చు.

అద్దాలు దొరికాయి. చొక్కా జేబులోనే ఉన్నాయి.

డబ్బాలోంచి ఒక ఎర్ర బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. పట్టపగటి వెలుతురులో వాటిని చూడటం అదే మొదలు. సొరుగు లాగి, అర్జీ మీది పసుపు బొమ్మను తీసి పక్కన పెట్టాను. పసుపుదాని మీద సూది మొన గుర్తులు, సన్నగా, రెండు వరసలు. ఎర్రదాని మీద వెడల్పాటి గుంటలు, వంపుగా. మూడు గుంటలు, ఒక ఖాళీ, మళ్లీ రెండు గుంటలు. ఇంకొకటి తీశాను, ఆకుపచ్చది. అదే వంపు, అదే చోట ఖాళీ. అన్నీ తీసి చూశాను. కొరికిన ప్రతిదానికీ ఆ ఖాళీ ఉంది. ఆయన ఆ పంటి సందులో దారం ఇరికించి ముడి వేయడం ఎన్ని ఆదివారాలు చూశానో నాకు తెలుసు.

నేను గేటు దగ్గర నిలబడి అడుగుతుంటే, లేదన్నప్పుడల్లా నా మొహం ఎలా పడిపోయేదో ఆయన చూసి ఉంటాడు. ఆ ఖాళీ వాగు ఒడ్డున ఒక్కడే కూర్చుని, ఆ నీళ్లలో తడిసిన ప్లాస్టిక్‌ను నోట్లో పెట్టుకుని కొరికాడు. నా కోసం. ఒకప్పుడు నేను ఆయన కోసం మింగినట్టే. మా ఇద్దరి మధ్య మల్లక్క రెండు గుంటల నేల పోయింది, ఎవరమూ ఆమె సంగతి మళ్లీ అడగలేదు.

"ఏమైంది సారూ?" అంది ఆయన భార్య. ఆమె ఇంకా తలుపు దగ్గరే కూర్చుని ఉంది. "గవి చేప కొరికిన గుర్తులేనా? వాగుల చేపలున్నయి, సారుకు ఎరుకే అని ఆకరి దాక చెప్పిండు. నిజంగ ఉన్నయా?"

బొమ్మలన్నీ డబ్బాలో వేసి మూత నొక్కాను.

"ఉన్నాయమ్మా. చేప గుర్తులే" అన్నాను.

"సారు చెప్పినంక ఇంకేంది" అని ఆమె తృప్తిగా లేచింది. గేటు దాటి, వీధి చివరకు పోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలా మీది సిమెంటు బిళ్లల మీదుగా ఇంటికి వెళ్లిపోయింది.